అరచేయి నుంచి మోచేతి దాకా

మా ఆఫీసులో నన్ను కోటా అక్క అంటారు. నా అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చెప్పుల దుకాణం పైన, మెట్లెక్కి రాగానే ఎడమచేతి పక్కనున్న రెండు గదులూ మావి. సర్వేలు చేస్తాం. సబ్బుల గురించో, బస్సుల గురించో, మంచినీళ్ళ గురించో, ఎవరేది అడగమంటే అది జనాన్ని అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకొచ్చి పెద్దమేడమ్ బల్ల మీద పెడతాం. పెళ్ళైనవాళ్ళు ఇంతమంది, కానివాళ్ళు ఇంతమంది, అద్దె ఇళ్ళవాళ్ళు ఇంతమంది అని చెప్పి పంపితే చాలు, పొద్దు వాలేలోగా ఆ కోటా నింపుకొచ్చేదాన్ని. అందుకే ఆ పేరు.

ఇది మాత్రం నా కథ కాదు, పెన్సిల్ కథ. కొంత నా కళ్ళతో చూసింది, మిగతాది తనే నాకు చెప్పింది.

పెన్సిల్ మా అందరికంటే చిన్నది. మనిషి సన్నం. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని తిరిగేది, అది అక్కడుందని మర్చిపోయి బల్లలన్నీ వెతికేది. పనిలో మాత్రం దాన్ని మించినవాళ్ళు లేరు. ఒకటే ప్రశ్నని అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగి, ప్రతిసారీ అదే జవాబు వస్తేగానీ రాసుకునేది కాదు. "నువ్వు పోలీసుల్లో చేరాల్సింది, దారి తప్పి మా దగ్గరికొచ్చావు" అని ఏడిపించేవాళ్ళం. నన్ను అక్కా అని పిలిచేది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపు మొదటిరోజే నాకు ఒంటికి పట్టేసింది.

దాని మొగుడు సిటీ బస్సు డ్రైవరు. నన్ను వదినా అనేవాడు. మంచి నవ్వించే మనిషి. ఒకసారి రేడియేటర్ మూత తియ్యబోతే సలసల కాగే నీళ్ళు చిమ్మి ఎడమచెయ్యి మణికట్టు నుంచి పైదాకా కాలిపోయింది. కట్టు కట్టుకుని మా ఇంటికొచ్చి, "వదినా, మీ చెల్లెలి చేతి కాఫీ కంటే ఆ నీళ్ళే వేడిగా ఉన్నాయి" అన్నాడు. అదీ ఆయన వరస. ఆ మచ్చ చెయ్యి పొడుగునా మెరుస్తూ అలాగే ఉండిపోయింది.

వాళ్ళకి పెళ్ళైన చాన్నాళ్ళకి కడుపు పండింది. ఏడో నెలలో ఒకరోజు, లోపల కదలిక తెలియట్లేదని పెన్సిల్ ఆఫీసు నుంచే ఆసుపత్రికి వెళ్ళింది. ఆడపిల్ల. పుట్టేసరికే ప్రాణం లేదు.

నేను వెళ్ళేసరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ నీరసం తీరకముందే ఆఫీసుకొచ్చి కూచుంది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేను నోరు తెరవబోయాను. "అక్కా, ఈ ప్రశ్నల్లో నంబర్లు తప్పుపడ్డాయి చూడు" అంది. నేను నంబర్లు చూశాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ మాట రాలేదు. వాళ్ళింట్లోనూ అంతే. గ్యాసు అయిపోయింది, నీళ్ళు వచ్చాయి, తాళం పక్కింట్లో ఇచ్చాను, ఇవే మాటలు. ఆయన నవ్వించడం మానేశాడు. ఆదివారాలు యూనియన్ మీటింగు ఉందని వెళ్ళిపోయేవాడు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. అప్పుడొచ్చింది ఆ సర్వే.

కడుపులోనో కాన్పులోనో బిడ్డను పోగొట్టుకున్న తల్లుల కోసం ఏదో చెయ్యాలని ఒక సేవా సంస్థ అనుకుంది. ఆ తల్లులకి ఎవరు తోడున్నారు, ఏ సాయం అందింది, ఏది అందలేదు, ఇవి తెలుసుకుని చెప్పమంది. పెద్దమేడమ్ మమ్మల్ని బల్ల చుట్టూ కూచోబెట్టింది. మేం నలుగురమే. పెద్దమేడమ్, నేను, పెన్సిల్, బడిలో పాఠాలు చెప్పి రిటైరై మా దగ్గర చేరిన మాస్టారు. పెద్దమేడమ్ కొత్తగా వచ్చింది. పెన్సిల్ సంగతి ఆవిడకి తెలీదు.

"మామూలుగా అయితే చీటీలు వేసి తీస్తాం. ప్రతివాళ్ళకీ సమానంగా అవకాశం ఉంటుంది, మన ఇష్టం అందులో దూరదు" అంది. "కానీ చీటీల మీద రాయడానికి ముందు పేర్లుండాలిగా. ఇలాంటి తల్లులందరి పేర్లూ ఎవరి దగ్గరున్నాయి? ఆసుపత్రులు ఇవ్వవు, ఇవ్వకూడదు కూడా. అందుకని చీటీలు లేని దారులన్నీ తలా ఒకటి పట్టుకుందాం. ఏ దారిలో ఎవరు దొరికారు, ఎవరు తప్పిపోయారు అని చివర్లో పక్కపక్కన పెట్టి పోల్చుదాం."

మాస్టారికి అన్నిటికంటే తేలిక దారి. ఆసుపత్రి కాన్పుల విభాగం బయట బెంచీ మీద కూచుని, ఎదురుపడి ఒప్పుకున్నవాళ్ళని అడగడం. దొరికినవాళ్ళ పద్ధతి అని ఆయనే పేరు పెట్టుకున్నాడు. నాకెటూ కోటాలే. పెద్దమేడమ్ తనే స్వయంగా, ఈ విషయం బాగా తెలిసినవాళ్ళని, అంటే పాత నర్సుల్నీ డాక్టర్లనీ, ఏరుకుని మాట్లాడతానంది. ఇక మిగిలింది గొలుసు. ఒక తల్లిని పట్టుకుని, మాట్లాడాక, "మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా, వాళ్ళని అడిగి మాకు చెప్తారా" అని ఆమె ద్వారా ఇంకొకరి దగ్గరికి, అక్కణ్ణుంచి మరొకరి దగ్గరికి. దాక్కున్నవాళ్ళని వెతకడానికి అంతకంటే మంచి దారి లేదు.

"అది నేను చేస్తాను" అంది పెన్సిల్.

మెట్ల మీద చెయ్యి పట్టుకుని ఆపాను. "మార్చుకుందామే. నా కోటా నువ్వు తీసుకో, గొలుసు నేను చూసుకుంటాను."

"నువ్వు గొలుసు పట్టుకుంటే రెండో ఇంట్లోనే టీ తాగుతూ కూచుండిపోతావు" అంది నవ్వి. ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు. "నాకేం కాదక్కా. నాకూ తెలుసుకోవాలనుంది, వాళ్ళెలా ఉన్నారో."

'వాళ్ళు' అంది. 'మేము' అనలేదు.

పనిలో దిగాక ఒక్కొక్క దారి సంగతీ బయటపడింది. మాస్టారు బెంచీ మీంచి సంతోషంగా వచ్చేవాడు. "చాలామంది తేరుకున్నారమ్మా, మళ్ళీ నెలలు నిండుతున్నాయి" అనేవాడు. ఎందుకు తేరుకోరు మరి? మళ్ళీ నెల తప్పినవాళ్ళే కదా ఆ తలుపు దగ్గరికి వచ్చేది. ఆ ఆసుపత్రి వీధి కూడా తొక్కలేక చుట్టూ తిరిగిపోయే మనిషి ఆయన బెంచీ ముందుకి జన్మలో రాదు. నా పని కూడా అలాగే ఏడ్చింది. వయసులూ ఇళ్ళూ లెక్కకి సరిపోయాయి గానీ, ప్రతి కోటాలోనూ నేను ఎంచుకున్నది తలుపు తియ్యగానే "రండి, కూచోండి" అన్న మనిషినే. ముఖం మాడ్చుకుని తీసినవాళ్ళకి దణ్ణం పెట్టి పక్కింటికి వెళ్ళిపోయాను. పెద్దమేడమ్ ఏరుకున్న పాత నర్సమ్మ, "ఇంకో బిడ్డ పుడితే మర్చిపోతారండీ" అని తేల్చేసింది. ఆవిడకి అన్నీ తెలుసు, కాన్పు గది దాటాక ఏం జరుగుతుందో తప్ప.

పెన్సిల్ గొలుసే లోపలికి వెళ్ళింది. కూరగాయలమ్మే ఆవిడ ఒక బ్యాంకు గుమాస్తా దగ్గరికి పంపింది, ఆవిడ తన చిన్నప్పటి స్నేహితురాలి దగ్గరికి. కన్నతల్లికి కూడా చెప్పుకోనివి పెన్సిల్‌కి చెప్పారు. ఒకామె పాలు పడ్డ జాకెట్టుని ఉతక్కుండా దాచుకుంది. ఒకామె ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడబడుతుంది. ఆ దారికీ లోటుంది. మాట్లాడగలిగిన మనిషి మాట్లాడగలిగిన మనిషి దగ్గరికే పంపుతుంది. నోరు కుట్టేసుకున్నవాళ్ళు ఎవరి గొలుసులోనూ ఉండరు. ఈ మాట పెన్సిలే పెద్దమేడమ్‌తో అంది. అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఆ గొలుసు చివరికి దాన్ని ఒక దర్జీ ఆవిడ ఇంటికి తీసుకెళ్ళింది. వీధి గదిలో కుట్టుమిషను, దండెం మీద సగం కుట్టిన చొక్కాలు, కిందంతా దారప్పోగులు. భర్త వెల్డింగు పని చేస్తాడు, అప్పుడు ఇంట్లో లేడు. ఆవిడ మిషను ఆపకుండానే అన్నిటికీ జవాబు చెప్పింది. పెద్దది ఆడపిల్ల, బడికెళ్ళింది, దాని తర్వాత కొడుకు పుట్టి పోయాడు. చివర్లో పెన్సిల్ ఎప్పటిలాగే అడిగింది, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని.

అప్పుడు మిషను ఆగింది.

"ఉంది గానీ ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. వాళ్ళాయనే తెలుసు. ఆసుపత్రిలో మా ఆయనా ఆయనా ఒకే వరండాలో కూచున్నారు, ఒకే రోజు. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం వస్తాడు. వాళ్ళిద్దరూ ఇదిగో ఈ గట్టు మీద కూచుంటారు. చాలాసేపు ఏం మాట్లాడుకోరు. ఆ తర్వాత ఆయనే మొదలుపెడతాడు. చెప్పిందే చెప్తాడు పాపం. మేం వింటాం."

"ఏం చెప్తాడు?"

"పాప గురించే. పిచ్చుక అంటాడు. పేరు పెట్టే వేళ లేదుగా, ఆయనే అలా పిలుచుకుంటాడు. ఆవిడ మాత్రం చూడనందట, ముఖం తిప్పుకుందట. పాప మాటెత్తితే లేచి వెళ్ళిపోతుందట. ఇంట్లో చెప్పుకునే దారి లేదు మనిషికి. బస్సు నడుపుతాడు. చెయ్యి ఇలా చాపి చూపిస్తాడు మాకు. ఇంతే ఉండేది, తల నా అరచేతిలో, కాళ్ళు మోచేతి దాకా అని. ఆ చెయ్యి పొడుగునా కాలిన మచ్చ. ఏ వేడినీళ్ళో పడ్డట్టున్నాయి..."

పెన్సిల్ రాసుకోవడం ఎప్పుడు ఆపిందో దానికే తెలీదు.

"అడిగి చూడనా?" అంది దర్జీ ఆవిడ. "మా ఆయనతో ఆయనకి చెప్పిస్తాను. ఒకవేళ మీలాంటి మనిషైతే ఆవిడ మాట్లాడుతుందేమో."

"వద్దండీ" అంది పెన్సిల్. "ఆవిడ మాట్లాడదు."

నేను కోటా ముగించుకుని వచ్చేసరికి చెప్పుల దుకాణం పక్క మెట్ల మీద కూచుని ఉంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దాన్ని తప్పుకుని పోతున్నారు. పక్కన కూచున్నాను. అప్పుడు చెప్పింది, మొదటిసారి, అంతా. ఆ రోజు నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి తెచ్చి "చూస్తావా అమ్మా" అంటే వద్దందట. భయమేసిందట. తర్వాత కొన్ని గంటలకి, ఒక్కసారి చూస్తానని చెప్పడానికి లేచిందట. అప్పటికే ఆయన తిరిగొచ్చేసి, గది మూల కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడట.

"గోళ్ళలో మట్టి ఉందక్కా. ఇంకేం అడగను?"

కొంగుతో దాని ముఖం తుడిచాను.

మర్నాడు మధ్యాహ్నం డిపోకి వెళ్ళింది. ఆయన బస్సు ఖాళీగా నీడపట్టున నిలబెట్టి ఉంది. ఆయన డ్రైవరు సీట్లో కూచుని, చక్రం మీద గిన్నె ఆనించుకుని అన్నం తింటున్నాడు. పెన్సిల్ వెనకవైపు నుంచి ఎక్కి, సీట్ల మధ్య నడుచుకుంటూ వెళ్ళి ఆయన వెనక సీట్లో కూచుంది.

"ఏంటిలా వచ్చావు? ఇంటి తాళం పోయిందా?"

"లేదు."

"మరి?"

"ఆదివారం నువ్వు వెళ్ళేది యూనియన్ మీటింగుకి కాదట."

ఆయన గిన్నెకి మూత పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"కుట్టుమిషను ఆవిడ. నేనెవరో తెలీకుండానే చెప్పింది. సర్వేకి వెళ్ళాను."

అద్దంలోంచి బయటికి చూశాడట. పక్క బస్సుని ఎవరో నీళ్ళు కొట్టి కడుగుతున్నారు.

"పిచ్చుక అంటావట" అంది. "నాకు చెప్పలేదే."

"నువ్వు చూడనన్నావు. చూడనన్న మనిషికి ఏమని చెప్పను? చెప్తే నిన్ను తప్పుపట్టినట్టుంటుంది. కావాలని నీ ముందు పెట్టినట్టుంటుంది. నువ్వు మర్చిపోతున్నావనుకున్నాను. పోనీ నువ్వైనా మర్చిపో అనుకున్నాను."

"మర్చిపోడానికి నేను చూస్తేగా!"

ఆ కేకకి బస్సు కడిగేవాళ్ళు తలెత్తి చూశారట. ఆయన సీట్లోంచి లేచి వచ్చి దాని పక్కన కూచున్నాడు. ఎడమచెయ్యి దాని ఒళ్ళో చాపి పెట్టాడు, అరచేయి పైకి తిప్పి.

"తల ఇక్కడుంది. నా వేళ్ళలో సరిపోయింది. కాళ్ళు ఇక్కడ, ఈ మడత దగ్గర. ఒక కాలు మడుచుకుని ఉంది. జుట్టు బాగా ఉంది, నీలాగే, ఉంగరాలు తిరిగి. చెవులు చిన్నవి, అతుక్కున్నట్టుగా ఉన్నాయి. కళ్ళు మూసుకునే ఉన్నాయి. నిద్రపోతున్నట్టే... కాదులే, నిద్రలా లేదు. అబద్ధం చెప్పకూడదు నీకు. కానీ బాగుంది. చాలా బాగుంది."

పెన్సిల్ ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి నిమిరింది, అరచేతి నుంచి మోచేతి దాకా. కండక్టరు ఎక్కబోయి, వాళ్ళని చూసి, దిగిపోయి బయటే నిలబడ్డాడు. ఆ ట్రిప్పు ఆలస్యంగా బయల్దేరింది. ఆయన ఉద్యోగంలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆ వారం సెలవు రోజున ఇద్దరూ కలిసి శ్మశానానికి వెళ్ళారు. ఆయన తప్ప ఎవరూ చూడని చోటు అది. గోడ వెంట నడిచాడు, ఒక చోట ఆగాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పక్క గోడ లోపలికి జరిపారట. పల్లంగా ఉందని మట్టి తోలి చదును చేశారట. అక్కడి కాపలా మనిషి ఆ మాట చెప్పి, "పెద్దవాళ్ళవైతే గుర్తులుంటాయి, చిన్నపిల్లలవి ఎవరికి తెలుస్తాయమ్మా" అని పక్కకి తప్పుకున్నాడు.

"ఒక రాయి పెట్టాను" అన్నాడు ఆయన. "ఇక్కడే. లేకపోతే అదిగో, ఆ పొద దగ్గర. గోడ నుంచి లెక్కపెట్టుకున్నాను, ఆ గోడే లేదిప్పుడు."

"ఫర్వాలేదు" అంది పెన్సిల్.

"ఫర్వాలేకపోవడమేంటి? నీకు చూపిస్తానని తీసుకొచ్చాను కదా" అని అక్కడే చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. రెండేళ్ళలో ఆయన ఏడవడం పెన్సిల్ చూసింది అప్పుడే. తనూ పక్కన కూచుంది. ఇద్దరూ ఆ పొదకీ గోడకీ మధ్య ఎండలో కూచుండిపోయారు.

మర్నాడు ఆఫీసులో ఇదంతా నాకు చెప్తుంటే దాని ముఖం తేటపడి ఉంది. వాన వెలిసినట్టుంది. నేను మనసులో ఎక్కడెక్కడి దేవుళ్ళకో దణ్ణాలు పెట్టుకున్నాను. ఇంక వీళ్ళు బాగుపడ్డట్టే అనుకున్నాను. అలా జరిగుంటే ఎంత బాగుండేది.

పెన్సిల్ అడగడం మొదలుపెట్టింది. రెండేళ్ళ ఆకలి కదా అది. ఆయన డ్యూటీ దిగి రాగానే, కాళ్ళు కడుక్కోకముందే, మళ్ళీ చెప్పు అనేది. ముక్కు ఎలా ఉంది? నీదా, నాదా? గోళ్ళున్నాయా? రంగు? నోరు తెరిచి ఉందా, మూసి ఉందా? ఆయన చెప్పేవాడు. మొదట్లో ఇష్టంగానే చెప్పేవాడు. తర్వాత ఆలోచించుకుని చెప్పేవాడు. అన్నం తింటుంటే దాని చూపు ఆయన చేతి మీదే ఉండేది. ఆయన పడుకుంటే ఆ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకునేది. నడివేసవిలో ఆయన పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. మణికట్టు దగ్గర బొత్తాం కూడా పెట్టుకుని, చెమటతో తడిసిపోతూ బస్సు నడిపేవాడు. ఒకరోజు ఆ బస్సే ఎక్కాను నేను. "ఏంటి మరిదీ ఈ వేషం, పెళ్ళికా?" అన్నాను. నవ్వలేదు.

ఆదివారం దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళడం కూడా మానేశాడు. సర్వేకొచ్చింది తన భార్యేనని వాళ్ళకి చెప్పేశాక ఆ గట్టు మీద కూచోలేకపోయాడు. అంతకుముందు ఆయనకి చెప్పుకోడానికి ఒక చోటుండేది. ఇప్పుడు ఇంట్లోనే చెప్పాలి, అదీ అడిగినప్పుడల్లా.

ఒక సాయంత్రం జుట్టు దగ్గర చిక్కొచ్చింది. పెన్సిల్ కూర తరుగుతూ, మామూలుగా అడిగినట్టే, "దువ్వితే వంగే జుట్టేనా?" అంది. "ఆఁ, నున్నగా ఉండేది" అన్నాడు ఆయన.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "బస్సులో ఉంగరాల జుట్టన్నావు."

ఆయన మణికట్టు దగ్గర బొత్తాం తడుముకున్నాడు.

"ఉంగరాలా, నున్నగానా? ఏదో ఒకటే కదా ఉంటుంది. సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"నేను చూసింది ఎంతసేపు?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదట, అదే తట్టుకోలేకపోయానంది నాతో. "నర్సు చేతిలోంచి నా చేతిలోకి, నా చేతిలోంచి మట్టిలోకి. ఆ కాస్తలో చూసిందంతా నీకు ఇచ్చేశాను. ఇంక నా దగ్గరేం లేదు. మొన్న ముక్కు నీదే అన్నాను. నిజంగా చూశానో, నువ్వు అడిగావని అన్నానో నాకే తెలీట్లేదు. కళ్ళు మూసుకుంటే ముందు కనపడేది. ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్నలు కనపడుతున్నాయి. అడక్కు ఇంక. నీకు దణ్ణం పెడతాను. అడిగినకొద్దీ చెరిగిపోతోంది నాకు."

పెన్సిల్ ఆ తర్వాత అడగలేదు. కానీ అడగకుండా చూసే చూపుని ఎవరాపగలరు? ఇంట్లో మళ్ళీ గ్యాసు, నీళ్ళు, తాళం. వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు, ఒక్క మాట తూలలేదు. అదైనా ఉంటే మధ్యలో దూరి తిట్టి సర్దేదాన్ని. వానలు మొదలవకముందే ఆయన వేరే ఊరి డిపోకి బదిలీ పెట్టుకున్నాడు. కొన్నాళ్ళే అన్నాడు. బట్టలు ఒకే సంచిలో పట్టాయి. తీసుకెళ్ళమని పెన్సిల్ ఇచ్చిన మంచి దుప్పటి వద్దని, పాతది పట్టుకెళ్ళాడు.

"ఆపొచ్చు కదే" అన్నాను.

"నా దగ్గరుంటే ఆ మిగిలిందైనా పోతుందక్కా ఆయనకి" అంది. "అక్కడైనా ఉండనీ."

రిపోర్టు రాసే వేళ వచ్చింది. నాలుగు దారుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చే భాగం పెన్సిలే రాసింది. బెంచీ దగ్గర దొరికినవాళ్ళు ఎందుకు తేరుకున్నట్టు కనిపిస్తారో రాసింది. నా కోటాల్లో లెక్క కుదిరినా మనిషిని ఎంచింది నా ఇష్టమేనని, నన్ను నొప్పించకుండా, ఉన్నదున్నట్టు రాసింది. ఏరుకున్న నర్సులకి ఎక్కడిదాకా తెలుసో రాసింది. గొలుసు గురించి రాస్తూ చివర్లో ఇలా పెట్టింది: తల్లి నుంచి తల్లికి వెళ్ళాం, దారిలో ప్రతి ఇంట్లోనూ ఒక తండ్రి ఉన్నాడు, ఏ పద్ధతిలోనూ ఏ ఒక్కరమూ ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు, అడిగుంటే ఎలా అడగాలో కూడా మాకు తెలియదు.

"ఇది మన పరిధిలో లేదు కదమ్మా" అంది పెద్దమేడమ్.

"లేదండీ. లేదనే రాశాను."

పెద్దమేడమ్ దాని ముఖంలోకి చూసింది. ఏదో అర్థమైనట్టుంది. ఆ వాక్యం కొట్టెయ్యలేదు.

ఇప్పుడు మేం పార్కుల గురించి ఏదో సర్వే చేస్తున్నాం. పెన్సిల్ రోజూ వస్తుంది, పని చేస్తుంది, మాస్టారి జోకులకి నవ్వుతుంది కూడా. ప్రశ్నని ఒక్కసారే అడుగుతుంది. ఏ జవాబు వస్తే అది రాసుకుని లేస్తుంది. వాళ్ళాయన ఇంటికి రాలేదింకా. పండగలకీ సెలవులకీ కూడా ఏదో డ్యూటీ పడిందంటాడట.

పోయిన వారం, నేను బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. ఆయనే.

"వదినా, తను తింటోందా?"

"తింటోంది" అన్నాను. ముందురోజు మధ్యాహ్నం దాని డబ్బా విప్పకుండానే వెనక్కి తీసుకెళ్ళింది.

"నవ్వుతోందా?"

"ఆఁ, అప్పుడప్పుడూ."

అవతల బస్సులు మొత్తుకుంటున్నాయి.

"వదినా, మీరు ఆసుపత్రికి వచ్చారు కదా ఆ రోజు. మీరేమైనా చూశారా పాపని?"

"లేదయ్యా. నేను వచ్చేసరికి నువ్వు తీసుకెళ్ళిపోయావు."

"అవునవును" అన్నాడు. "నేనే తీసుకెళ్ళాను. ఫోన్ చేశానని తనకి చెప్పకండి."

చెప్పలేదు.